డాబా మీద ఎండిన హోరు

బరంపురంలో వరహాలమ్మ ఒత్తే అప్పడం ఎంత పల్చనంటే, పున్నమి చంద్రుడు ఆ డాబా దాటేటప్పుడు సిగ్గుపడి మబ్బు కప్పుకుంటాడు. అత్త ఒత్తినవాటిని కోడలు వసుధ పొద్దున్నే పాత చీరల మీద ఆరేస్తుంది. పక్కన స్పీకరు పెట్టి, కొత్తగా వచ్చిన ఆల్బమ్ ఏదో మొదలుపెడుతుంది. పచ్చి అప్పడం దగ్గర ఏం మోగితే అది తాగేస్తుంది కదా, నూనెలో పడగానే అంతా బయటికొస్తుంది. పెళ్ళిళ్ళకి సన్నాయివి అడుగుతారు. వసుధ తనకోసం వేసుకునేవి మాత్రం రెండే రకాలు, హోరెత్తించే హెవీ మెటల్, నెమ్మదిగా సాగే యాంబియంట్. కొరికి ఆల్బమ్ పేరు చెప్పగల నాలుక గంజాం జిల్లా మొత్తానికి ఒక్కటే ఉంది. అదెవరిదో నా నోటితో నేను చెప్పుకోకూడదు.

ఆ రోజు గోపాల్‌పూర్ నుంచి సీతాలు ఆటోలో వచ్చింది.

"రేపు మా బావ పెద్దకర్మ, వసుధమ్మా. అప్పడాలు కావాల."

"మీ ఆయన ఉదయ్ మాటాడినాడా?"

"ఏటి మాటాడతాడు! పడవ తిరగబడి వాళ్ళన్న పోయినకాడి నుంచి ఒక్క ముక్క నేదు. కూకోడు, తొంగోడు. ఒడ్డమ్మటే తిరుగుతాడు. కన్ను తడవనేదు. ఏదో ఒకనాడు నీళ్ళలోకి నడిసెల్లిపోతాడని నా బయ్యం. టికే, కూసింత నెమ్మదైనవి ఇయ్యమ్మా."

వసుధ ఎడమవైపు చీర మీదవి చూపించింది. "ఇది పట్టుకెల్లు. తాళం లేదు, మాట లేదు, గంటసేపు ఒకటే మూలుగు. మొదట నాకూ విసుగొచ్చింది. తరవాత ఎలాగుందంటే, రంభ ఊరి దగ్గర చిలిక సరస్సులో గాలి పడిపోయిన మజ్జాన్నం పడవలో కూకున్నట్టు."

"మరి ఆ పక్కది?"

"దాని జోలికెల్లకు. చలిదేశం కుర్రాళ్ళది. తుపానుకి రేకులు లేసిపోతున్నట్టుంటాది. పాటగాడు పాడడు, అరుస్తాడు. కానీ అడుగున డ్రమ్ముంది సూడు, ఎంత హోరైనా లంగరు వదలదు."

"అది ఇన్నరోజు కూరలో రెండుసార్లు ఉప్పేసింది!" మెట్ల మీంచి వరహాలమ్మ అరిచింది.

అంతలో సముద్రం వైపు నుంచి మబ్బు దిగింది. చినుకు పడితే అప్పడం పిండైపోతుంది. ముగ్గురూ పరుగులు పెట్టి రెండు చీరలవీ ఒకే బుట్టలో పోశారు. హెవీవి అడుగున, నెమ్మదివి పైన. వసుధకి బాగా గుర్తు. కిందికొచ్చి, వాన తగ్గేదాకా ఆగి, పైవన్నీ తీసి సీతాలుకిచ్చి పంపింది.

వసుధకి తెలియనిది ఒకటే. వాన పడితే అడుగుది చెమ్మ పట్టకుండా బుట్టని బోర్లించి సర్దడం వరహాలమ్మ అలవాటు.

మర్నాడు మధ్యాహ్నం వసుధ మిగిలినవాటిలో ఒకటి వేపింది. చిలిక మీద ఎండలా సన్నని మూలుగు లేచింది.

"అత్తా! బుట్ట తిరగేసినావా?"

"ఎప్పుడు తిరగెయ్యలేదు?"

నెమ్మదివన్నీ మూటగట్టుకుని వసుధ ఆటో ఎక్కింది. దారంతా కాళ్ళు ఆడిస్తూనే ఉంది.

గోపాల్‌పూర్‌లో అప్పటికే విస్తర్లు పరిచారు. మొదటి అప్పడం నూనెలో పడింది. ఆ హోరుకి విస్తర్లు లేచి కొబ్బరిచెట్లకి అంటుకున్నాయి. రుషికుల్య నది మొగలో తాబేళ్ళు తలలు లోపలికి లాక్కున్నాయి. సీతాలు మూత పట్టుకుని పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.

ఒడ్డమ్మట తిరుగుతున్న ఉదయ్ ఆగాడు. గబగబా వచ్చి, మూత పట్టిన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. హోరు అడుగున డ్రమ్ము కొడుతోంది, వదలకుండా. అతను సముద్రం వైపు తిరిగి గొంతెత్తాడు.

"అన్నా! తాడట్టుకో! వదిలీకు!"

అప్పడం ఎర్రబడి ఊరుకున్నా అతని కేక ఆగలేదు. ఇసకలో కూలబడి ఏడ్చాడు. అన్నని తలుచుకుని, తాడుని తిట్టి, సముద్రాన్ని తిట్టి ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు.

ఆటో దిగిన వసుధ మూట ముందుకి చాపింది. "తప్పయిపోయింది సీతాలూ. నెమ్మదైనవి ఇవి..."

ఉదయ్ మొహం తుడుచుకుని పెళ్ళాం వైపు చూశాడు.

"అయ్యి తరవాత," అన్నాడు. "ఇలాటిదే ఇంకోటి ఏపు."