సైరనుకీ ఇంటికీ మధ్య గంట

లిలువా రైల్వే వర్క్‌షాపు సైరను సాయంత్రం నాలుగున్నరకి కూస్తుంది. గేటు నుంచి మా క్వార్టరుకి పదిహేను నిమిషాల నడక. పెళ్ళయి కలకత్తా వైపు వచ్చిన నాటి నుంచీ ఈ సైరన్లతోనే నా రోజు నడుస్తోంది. తెల్లారి అయిదుకి కుళాయి నీళ్ళు, ఆరున్నరకి ఆయన అన్నం డబ్బా, దీపాలవేళకి ప్రార్థన. దేవుడిచ్చిన రోజులో ఒక్క నిమిషం వృథా అయినా నాకు మనసొప్పదు. అలాంటి నా ఇంట్లో రెండు నెలలుగా రోజుకో గంట మాయమైపోతోంది.

మాయం చేస్తున్నది మా ఆయన ప్రేమానందమే. నాలుగూముప్పావుకి రావలసిన మనిషి ఆరు కావస్తుంటే వస్తున్నాడు.

"ఏటండీ, ఇంతాలీసం?" అంటే, "ఓవర్టైము దయా" అంటాడు, నా మొహం చూడకుండా.

పక్కింటి కూర్మయ్యదీ అదే షాపు. వాళ్ళావిడ అప్పాయమ్మని మెల్లగా కదిపి చూశాను. "ఓవర్టైమెక్కడిది? దుర్గాపూజల ముందు నుంచీ నేదు కదొదినా" అంది.

నిప్పు లేనిదే పొగ రాదు. చొక్కా ఉతుకుతుంటే కుడిచేతి అంచున తెల్లటి పొడి కనిపించింది. వర్క్‌షాపులో మసి అంటుతుంది, గ్రీజు అంటుతుంది, తెలుపెక్కడిది? వాసన చూశాను. ఏ వాసనా లేదు. వాసన కూడా రాని పౌడరు రాసుకుందంటే అదెంత జాణో అనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

నాదేం ఉత్తుత్తి అనుమానం కాదు. యాభైయేడులో భీమిలిలో మా నాన్న మంచాన పడితే వెళ్ళి నెలరోజులున్నాను. ఈయనకి నాలుగు ఉత్తరాలు రాశాను, అల్లుణ్ణి చూడాలంటున్నాడు, రమ్మని. రాలేదు. జవాబూ లేదు. ఆఖరి రోజు దాకా నాన్న వీధి గుమ్మం వైపే చూశాడు. ఆ కోపంలో నాలుగో ఉత్తరంలో రాయరాని మాట రాశాను. దానికీ ఉలుకూ పలుకూ లేదు. నేను తిరిగొచ్చాక "దేవుడి చిత్తం" అని తల దించుకున్నాడు, అంతే. నేనూ అడగలేదు. అడిగితే ఆ ఇంట్లో ఉండలేనని తెలుసు. అవసరానికి రాని మొగుడు ఎంతకైనా తగునని మాత్రం ఈ తొమ్మిదేళ్ళూ లోపల దాచుకున్నాను.

పైకి చూస్తే మహా భక్తుడు. ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివినా, పెళ్ళిచూపుల్లో మా అత్తగారు "మావోడు తెలుగు బైబిలు గడగడా చదివేస్తాడు" అని గొప్పగా చెప్పింది. నిజమే, రోజూ ప్రార్థనలో చదువుతాడు. ఎప్పుడూ అవే ఆరు కీర్తనలు. ఇంకోటి చదవమంటే "ఇయ్యే బాగుంటాయి" అంటాడు. మొన్న క్రిస్మసుకి సంఘ పెద్దని చేశారు, ఈస్టరుకి గుళ్ళో వాక్యం చదవాలి. ఆ నోటితో వాక్యం, ఈ కాళ్ళతో తిరుగుళ్ళు.

గురువారం పిల్లల్ని అప్పాయమ్మకి అప్పగించి, తలమీద చెంగు కప్పుకుని గేటెదురు టీకొట్టు పక్కన నిలబడ్డాను. సైరను కూసింది. ఆయన బయటికొచ్చి, ఇంటిదారి వదిలి క్వార్టర్ల రెండో లైను పట్టాడు. సరాసరి కాంతం ఇంట్లోకి వెళ్ళాడు. కాంతం ముప్ఫై నిండని విధవరాలు, గుళ్ళో పిల్లలకి సండేస్కూలు చెబుతుంది. చెంగు నడుముకి దోపుకుని వెనకాలే వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. ఒక మూల కాంతం అత్తగారు బియ్యం ఏరుతోంది. నలభయ్యేళ్ళ నా మొగుడు చాపమీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని కూర్చున్నాడు. చేతినిండా సుద్దపొడి. ఎదురుగా చాపమీద నీలం ఇన్‌లాండు ఉత్తరాలు, నా చేతిరాతతో.

"నా ఉత్తరాలు దీనిచేత చదివించుకుంటన్నారా?" అన్నాను.

"నేదొదినా" అంది కాంతం లేచి నిలబడి. "నన్ను ముట్టనివ్వరు. ఆయనే కూడబలుక్కోవాలంట."

వంగి చూశాను. నాలుగింట్లో మూడు అతికించినవి అతికించినట్టే ఉన్నాయి. ఒక్కటే ఆరోజు విప్పినట్టుంది.

"నాకు తెలుగు చదవడం రాదు దయా" అన్నాడాయన. "అమ్మ నోటికి నేర్పినయి ఆరు కీర్తనలు. అయ్యే పుస్తకం పట్టుకుని చెప్తన్నాను. ఇయి ఒకరిచేత చదివిస్తే మా అమ్మ ఆడిన అబద్ధం నీదాకా వచ్చేస్తాదని దాసేను. ఇంటి ఊసులే అనుకున్నాను. నువ్వు ఆ మొహంతో రైలు దిగేక, విప్పడానికి భయమేసింది."

"ఇప్పుడు గుళ్ళో చదవాలని నేర్చుకుంటన్నారా?"

"గుడికైతే ఏడోది నోటికి పట్టేస్తే సరిపోద్ది. ఇయి చదవాలని."

విప్పిన ఉత్తరం మీద వేలు పెట్టాడు. "నా... న్న... మం... చం... ది... గ... డం... లే... దు. మీ... రు..." అని ఆగిపోయి కాంతం వైపు చూశాడు. కాంతం నావైపు చూసింది.

చాపమీద కూర్చుని ఆ అక్షరం కింద నా వేలు పెట్టాను. "వెం" అన్నాను.

"వెం... ట... నే... రం... డి." చదివాడు. చదివింది తలకెక్కడానికి ఇంకొంచెం సేపు పట్టింది. అప్పుడు పలకమీద నుదురు ఆనించుకుని ఏడ్చాడు. తొమ్మిదేళ్ళ కోపం పోయిన చోట నాకు సిగ్గు మిగిలింది.

"ఇంటికి పదండి. రేపట్నుంచి ఈ గంట నా దగ్గరే" అన్నాను. ఉత్తరాలు పోగుచేసి, పైనున్న తపాలా ముద్రల్లో తారీఖులు చూసి ఆఖరిదాన్ని, ఆ రాయరాని మాట ఉన్నదాన్ని, విడిగా తీశాను. గబగబా కొంగున ముడేసుకున్నాను.

"అదేటి, దాస్తన్నావు?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"ఏటీ నేదు" అన్నాను, ఆయన మొహం చూడకుండా. "ఇంటి ఊసులే."