కొబ్బరికాయ కుస్తీ

"పడితే ఏం పోతది బిడ్డా? పడుడు నీకు కొత్తనా?" అంది మా అత్త దేవవ్వ, నేను జొన్నపిండి పిసుకుతుంటే.

ఇలాంటి మాటలు ఆమె పొయ్యి దగ్గర కూర్చుని మెల్లగా, ప్రేమగానే అంటుంది. అదే వచ్చిన చిక్కు. తిడితే తిరిగి తిట్టొచ్చు. ప్రేమగా అంటే రొట్టె కొడుతూ ఊరుకోవాలి.

తెల్లారితే జాతర. సదాశివనగర్ దగ్గర మా అత్తగారి ఊళ్లో జాతర కుస్తీలు కొబ్బరికాయతో మొదలై వెండి కడెంతో ముగుస్తాయి. మొదటి జోడీలో గెలిచినవాడికి కొబ్బరికాయ, చివరి జోడీలో గెలిచినవాడికి కడెం. ఈసారి ఊరి పెద్దలకు ఓ ముచ్చట పుట్టింది. బొంబాయిలో కొట్లాడి టీవీలో కనబడే కోడలు ఉండగా, కొబ్బరికాయ కుస్తీకి ఎవరో ఎందుకు, మొగుడూ పెళ్లాల్నే దింపుదాం అన్నారు. దింపి, మొగుడే గెలవాలన్నారు. అది శుభమట! పెద్దమనిషి స్వామిదాసు కామారెడ్డిలోని మా ఇంటికొచ్చి మరీ చెప్పిపోయాడు. "నవ్వుకోనీకే కోడలా. రెండు పట్లు పట్టి ఎల్లెలుకల పడిపో. ఆలి చేతిల ఓడితే హన్మండ్లు ఊర్లె తలెత్తుకొని తిరుగుతడా, నువ్వే చెప్పు."

హన్మండ్లు నా మొగుడు. చాయ్ కప్పులోకి చూస్తూ "నీ ఇష్టం" అన్నాడు. పెళ్లయ్యాక ఆ మాట చాలాసార్లు విన్నాను, ఒక్కసారీ అది నా ఇష్టం కాలేదు.

అయినా పడడం నాకు కొత్త కాదని అత్త అన్నది అబద్ధమేమీ కాదు. ఈ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి విద్య అదే.

మాది ఎల్లారెడ్డి పక్క పల్లె. బాపు పోయాక నేనూ, నన్ను కన్న అవ్వా ఏటా నిజాంసాగర్ కాలువ కింద చెరుకు కొట్టడానికి పోయేవాళ్లం. చెరుకాకు గుడిసెలో ఉండేవాళ్లం. చేను మారితే గుడిసె మారేది. 2009 ఎండాకాలంలో తిరిగొచ్చి చూస్తే మా ఇంటి జాగాలో చిన్నాయన గంగారాం మేకల దొడ్డి కట్టుకున్నాడు. "మీరింక రారనుకున్న వదినా" అన్నాడు మేకలకు ఆకు వేస్తూ. అడిగేవాళ్లు లేని ఇల్లు అంత తేలిగ్గా పోతుంది. ఆ తర్వాత ఎల్లారెడ్డి బస్టాండులో పడుకున్నాం. అవ్వ పగలంతా హోటల్లో గిన్నెలు తోమి, చీకటి పడ్డాక నన్ను గోడ వైపు పడుకోబెట్టి తాను బయటి వైపు ఒరిగేది. చేతిలో చెరుకు కత్తి ఉండేది. ఆమె కళ్లు మూసుకోవడం నేను చూడలేదు.

దేవవ్వ బాపుకు వరసకు చెల్లెలు. సంగతి తెలిసి వచ్చింది. "పిల్ల నా దగ్గర ఉంటది ఎంకవ్వా, ఇంట్ల పిల్ల లెక్క" అని అవ్వకు చెప్పి నన్ను కామారెడ్డికి తీసుకొచ్చింది. ఆమె మొగుడు నర్సింహులు పహిల్వాన్‌కు ఇంటి వెనక తాలీం ఉంది, కుస్తీ నేర్చుకునే పిల్లలతో ఎప్పుడూ కళకళలాడేది. ఇంటి పిల్లంటే జీతం లేని పిల్ల అని నాకు వారంలోనే తెలిసింది. బాదం నూరడం, పాలు కాచడం, గంపెడు రొట్టెలు చేయడం, పహిల్వాన్ల లంగోటీలు ఉతకడం అన్నీ నావే. తాలీం మట్టిని జల్లెడ పట్టి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి గడప దాకా మోసేదాన్ని. గడప దాటకూడదు, హనుమంతుడి జాగాలో ఆడకాలు పడొద్దు. నేను కలిపిన మట్టి లోపలికి పోవచ్చు, నేను మాత్రం పోవద్దు!

అత్త కొడుకు హన్మండ్లు బావకు ఊపు ఎక్కువ, ఓపిక తక్కువ. బొక్కలు విరుస్తాడని తాలీం పిల్లలు అతనితో పట్టుకు రావడం మానేశారు. "మణీ, జర రా" అనేవాడు. పెరట్లో గడ్డి పరిచి, పైన గోనెసంచులు వేసి, నన్నెత్తి పడేసేవాడు. లేవగానే మళ్లీ పడేసేవాడు. మామ అరుగు మీద నుంచి "మెడ లోపలికి గుంజుకో బిడ్డా, దెబ్బ తగలది" అనేవాడు. ఆయన నాకు నేర్పింది అదొక్కటే. ఎత్తేముందు బావ ఏ కాలి మీద బరువు వేస్తాడో, పట్టు మార్చేముందు ఊపిరి ఎట్లా బిగబడతాడో నా ఒళ్లే నేర్చుకుంది. ఒళ్లంతా హూనమైనా, లేచి మళ్లీ రొట్టెలు చేసేదాన్ని.

మరుసటేడు మా పెళ్లయింది. "ఎట్లైనా ఇంట్లనే ఉన్నది, బయటి పిల్ల ఎందుకు" అనుకున్నారు. నేను సంతోషపడ్డాను, దాచేదేముంది. ఇక నన్నెవరూ బస్టాండుకు పంపరు కదా. పెళ్లయ్యాకా గోనెసంచులు పెరట్లోనే ఉన్నాయి. అతను పడేసేవాడు, నేను పడేదాన్ని.

ఒకరోజు ఉమాదేవి అనే వ్యాయామం టీచరమ్మ తాలీం ముందుకొచ్చి, జిల్లా పోటీలకు కుస్తీ పట్టే ఆడవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగింది. అందరూ పకపకా నవ్వారు. "మా ఇంట్ల ఒకామె ఉన్నది టీచర్, పడుడు మంచిగొస్తది" అన్నాడు బావ. ఆమె నవ్వలేదు. "పడుడొస్తే సగం కుస్తీ వచ్చినట్టే" అని నన్ను చూపించమంది. సకల జనుల సమ్మెలో బస్సుల్లేక టీచరమ్మా నేనూ మక్కజొన్నల లారీ ఎక్కి నిజామాబాద్ పోయాం. అక్కడ నన్ను పడమన్నవాళ్లు లేరు. మొట్టమొదటి పట్టులోనే ఒకామెను ఎత్తి పడేసి, భయపడిపోయి "దెబ్బ తగిలిందా అక్కా?" అని అడిగాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాధ అనిపించలేదు.

తర్వాత హైదరాబాదు, ఆ తర్వాత బొంబాయి. అక్కడ చుట్టూ ఇనుప జాలీ కట్టిన బరిలో చేతులకు గ్లవుజులు వేసుకుని కొట్లాడతారు. మొదటిసారి ముక్కు పగిలింది. పోయినేడు ఒక కంపెనీ వాళ్లు కాంట్రాక్టు ఇచ్చారు, వరసగా గెలిచాను, గోడల మీద నా బొమ్మలు అంటించారు. ఎల్లారెడ్డిలో అవ్వకు రెండు గదుల ఇల్లు కట్టించాను. గెలిచిన రోజు ఇంటికి ఫోన్ చేస్తే అత్త, "గెలిచినవా? మంచిగైంది. చింతకాయ పచ్చడి జాడీ యాడ పెట్టినవే?" అనేది. నేను పోయేటప్పుడు నెలకు సరిపడా కారాలూ పొడులూ చేసిపెట్టి పోవాలి, వచ్చిన రోజే మళ్లీ పొయ్యి ముట్టించాలి. కుస్తీ మానేసి నిజాంసాగర్ చౌరస్తాలో టైర్ల దుకాణం పెట్టుకున్న బావ టీవీ వాళ్లతో, "అంతా నా చేతిల నేర్చుకున్నదే" అంటాడు. కింద పడ్డా పైచేయి నాదే అనడం అంటే అదే.

అత్త రొట్టె తిరగేస్తూ మళ్లీ అంది. "మొగని ఇజ్జత్ తీసినంక ఇంట్ల నీకేం సుఖముంటది? ఇల్లు లేని బతుకు నీకు తెల్వదా?"

తెలుసు. ఆ మాట నన్ను సరిగ్గా పట్టాల్సిన చోటే పట్టింది. బొంబాయిలో నాకంటే బరువైన ఆడవాళ్లను చూసి భయపడని దాన్ని, ఆ పొయ్యి ముందు భయపడ్డాను. ఈ ఇంటి గడప బయట నిలబడాల్సి వస్తుందన్న భయం నాకింకా పోలేదు. పడితే అందరూ నవ్వుకుంటారు, ఇల్లు నిలబడుతుంది. పడకపోతే? చేతులు కడుక్కుని అవ్వకు ఫోన్ చేశాను. అంతా విని ఆమె, "ఈడ తలుపు తీసే ఉంటది" అంది.

మర్నాడు పొద్దు వాలాక బీడు చేలో బరి తయారుచేశారు. డప్పులు మోగుతున్నాయి. స్వామిదాసు మా ఇద్దరి చేతులు పట్టుకుని జనం చుట్టూ తిప్పాడు. "మొగుడూ పెండ్లాల కుస్తీ! మంచిగ చూడుండ్రి!" ఈలలు, కేకలు. బండ్ల మీద ఎక్కినవాళ్లు, మిరపకాయ బజ్జీలు తింటున్నవాళ్లు అందరూ ముందే నవ్వడం మొదలుపెట్టారు.

చేతులు కలిపాం. బావ నా చెవి దగ్గర, "ఎడమ కాలు గుంజుత, పడిపో" అన్నాడు.

"పడను బావా. చాతనైతే పడగొట్టు."

ఆట పట్టిస్తున్నాననుకుని నవ్వాడు. వంగి కాలు పట్టి గుంజాడు. కాలు కదలలేదు. మళ్లీ గుంజాడు. తలెత్తి నా మొహంలోకి చూశాడు. ఆ మొహంలో నవ్వు పోయి కోపం వచ్చింది, కోపం పోయి ఇంకేదో వచ్చింది. వెనక్కి జరిగి, మోకాళ్లు వంచి, నా అడుగులు చూసుకుంటూ నిజంగా వచ్చాడు. అట్లా రావడం నాకు నచ్చింది. కుడికాలి మీద బరువు వేశాడు, ఊపిరి బిగబట్టాడు. నేను కిందికి దూరి లేపాను.

బావ వీపు మట్టికి ఆనింది.

డప్పులు ఆగిపోయాయి. కొబ్బరికాయ ఎవరికివ్వాలో తెలియక స్వామిదాసు బిక్కమొహం వేశాడు. నేనే పోయి ఆయన చేతిలోంచి తీసుకున్నాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, ఏడుస్తోందో ఏమో తెలియలేదు.

తిరిగొచ్చి బావకు చెయ్యందించాను. పట్టుకోలేదు. మట్టిలోనే లేచి కూర్చున్నాడు. నేనూ పక్కన కూలబడ్డాను. తర్వాతి జోడీ బరిలోకి దిగుతుంటే జనం అటు తిరిగారు. బావ, నాకొక్కదానికే వినిపించేంత మెల్లగా అడిగాడు.

"ఎప్పటిసంది పడుతున్నవే, కావాలని?"

"పెండ్లైనప్పటిసంది" అన్నాను.