కంకర దారి

మా ఊళ్లో ఆల్విన్‌ని ఉత్త పేరుతో పిలిచేవాళ్లు లేరు. కంకర ఆల్విన్ అంటేనే తెలుస్తుంది. ఒకసారి బకిల్ కనుమ దిగుతుండగా బ్రేకులు పోతే, అదుపు తప్పిన లారీల కోసం రోడ్డు పక్కన కంకర పోసి ఉంచిన ఎత్తు దారిలోకి బండిని మళ్లించాడు. బండి ఇరుసుల దాకా కూరుకుపోయి ఆగింది. ఒక్క ఆవు కూడా చావలేదు. చావలేదు కాబట్టే అందరికీ నవ్వడానికి తీరిక దొరికింది. మా వయోమింగ్ పశువులవాళ్ల లెక్కలో లారీవాడు ఆ దారి పట్టడం వేరు, మనవాడు పట్టడం వేరు. మనవాడు పట్టాడంటే వాడికి బండి తోలడం రాదన్నమాట. అప్పటినుంచి ఆల్విన్ కాఫీ హోటలుకు వస్తే కప్పులో గుప్పెడు కంకర వేసి ముందు పెట్టేవాళ్లు. ఆయన దాన్ని పక్కకు జరిపి ఇంకో కప్పు అడిగేవాడు. ఈ వేళాకోళం మొదలుపెట్టింది మా మామ హోయిట్.

మామ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. ఆయన కొడుకు, నా మొగుడు డెల్బర్ట్ పోయాక రెండేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాను. వండాను, ఆవులకు పురుళ్లు పోశాను, మాటలు పడ్డాను. ఇక చాలనిపించింది. కనుమకు అవతల మా అక్క మావిస్ తన బీడులో ఒక మూల నాకిస్తానంది. నాకున్నదల్లా ఎనిమిది చూడి పెయ్యలు. మా అమ్మమ్మ పెళ్లికిచ్చిన ఎర్రావు సంతానం అవి. అవి అక్క దొడ్డికి చేరితే నాకొక బతుకుంది. చేరకపోతే మళ్లీ మామ పొయ్యి దగ్గరికే.

వేరే ఎవరి బండయినా మాట్లాడుకుంటానంటే మామ పడనివ్వలేదు. కోడలు పరాయి బండిలో సామాను సర్దుకుపోతే తన పరువేం కావాలని గొడవ. ఆయన పికప్ వయసులో డెల్బర్ట్ కంటే పెద్దది. దిగుడులో రెండో గేరు నిలవదు, ఊడిపోతుంది. మామ దాన్ని మోకాలితో అదిమిపట్టి తోలతాడు, అదేదో విద్య అయినట్టు. వెనక తగిలించే పశువుల ట్రైలర్‌కు బ్రేకుల వైరును ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. బాగు చేయించమని వారం పాటు పోరాను. చెవిటివాడి ముందు శంఖమే అయింది.

"మా నాయన ఇదే కనుమలో ట్రైలర్ నిండా ఆవుల్ని దింపాడే. బ్రేకులని ఏనాడన్నా ఏడ్చాడా?" అన్నాడు.

కనుమ పైకి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ రోజు కింది ఊళ్లో సంత. పోవలసినవాళ్లు పొద్దున్నే దిగిపోయారు. మా వెనక ఒక్క బండే వస్తోంది. మామ అద్దంలో చూసి గుర్తుపట్టి ముసిముసిగా నవ్వాడు. ఆల్విన్, చుట్టూ కటకటాలు బిగించిన ఖాళీ పికప్‌లో, పొట్టేలును కొనుక్కోవడానికి సంతకు పోతున్నాడు.

"కంకరోడొస్తున్నాడు చూడవే నెల్డా. దిగడమంటే ఏంటో వాడికి చూపిస్తా" అన్నాడు మామ.

రెండో మలుపు దాటగానే గేరు ఊడింది. మళ్లీ వెయ్యబోతే పళ్లు గీసుకున్న మోతే తప్ప పడలేదు. బ్రేకు తొక్కాడు. కాసేపు పట్టింది, తర్వాత కాలిన కంపు మొదలైంది, ఆ తర్వాత ఆయన కాలు కింది దాకా పోయినా బండి వినలేదు. వెనక నా పెయ్యలు తొక్కిసలాడుతుంటే ఆ అదురు నా సీటులోకి వస్తోంది. అప్పుడు కంకర దారి గుర్తు కనిపించింది. ఆ వెనకే దారీ కనిపించింది, వెడల్పుగా, ఖాళీగా.

"మామయ్యా, అందులోకి తిప్పు. నీకు దణ్ణం పెడతాను, తిప్పు."

ఆయన రోడ్డు వైపు చూడటం లేదు. అద్దంలో వెనక బండినే చూస్తున్నాడు.

"వాడు చూస్తుండగానా? నా కంఠంలో ప్రాణం ఉండగా తిప్పను."

నేను స్టీరింగు మీద చెయ్యి వేశాను. ఆయన మోచేత్తో నా మూతి మీద కొట్టాడు. నోట్లో ఉప్పగా తగిలేలోపు ఆ దారి పక్కనుంచి వెళ్లిపోయింది.

కింది మలుపులో ట్రైలర్ బయటికి విసురుకుపోయింది. కొక్కెం తెగింది. బరువు వదిలిన పికప్ కొండ గోడకు రాసుకుంటూ పోయి, ముందు భాగం నుజ్జయి ఆగింది. ట్రైలర్ బండరాళ్ల మీద పొర్లింది. దాని తలుపు తీసింది ఆల్విన్. లోపల ఏముందో చెప్పమని నన్నెవరూ అడగకండి.

ఆయన తన తుపాకీ తెచ్చాడు. మామ వెనకనుంచి, కాల్చెయ్యి అన్నాడు. ఆల్విన్ అటు తిరగను కూడా తిరగలేదు.

"నీ పశువులమ్మా. నువ్వు చెప్పాలి."

చెప్పాను. ఒక్కోదాని మొహం చూసి, ఏడుసార్లు చెప్పాను. ఎనిమిదోది తనంతట తానే బయటికొచ్చింది. చెవి చిరిగింది, అంతే. రోడ్డు అంచున గడ్డి వాసన చూస్తూ నిలబడింది.

మామ రాయి మీద కూర్చుని చొక్కా దులుపుకున్నాడు.

"పోన్లేవే. ఇంక మీ అక్క దగ్గరికి పోయి ఏం చేస్తావ్? మనూరి వైపు పోయే బండేదన్నా వస్తే ఇంటికి పోదాం. రాత్రికి ఏదో ఒకటి వండుదువుగానీ."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆయన కావాలని చేశాడని నేననను. కానీ ఆ గొంతులో ఎంత నిశ్చింత ఉందో విన్నాను. అంతవరకూ ఆయనంటే నాకు విసుగే. ఆ క్షణాన అసహ్యం పుట్టింది.

గట్టు పక్కన బండి ఆనించి, ఆ ఒక్క పెయ్యనూ ఆల్విన్ పికప్‌లోకి ఎక్కించాం. మబ్బు కొండ మీదికి దిగుతోంది. ఆల్విన్ తలుపు తీసి పట్టుకుని మామను పిలిచాడు.

"ఎక్కు హోయిట్. మంచు పడేట్టుంది."

సంత రోజున, జనమందరి ముందు, కంకరోడి బండిలోంచి దిగడం. మామ మొహంలో అది స్పష్టంగా కనిపించింది. ఇంకెవరో వస్తారులే, నువ్వు పో అన్నాడు. ఆల్విన్ బతిమాలాడు. చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వంటే వింటాడేమో, ఒక్క మాట చెప్పమ్మా."

వింటాడు. నాకు తెలుసు. రెండేళ్లు ఆయనకు అన్నం పెట్టిన దాన్ని. పక్కన నేనుంటాను రా మామయ్యా అంటే, నన్ను తిట్టుకుంటూనే, నా వల్లే ఎక్కానని ఊరంతా చెప్పుకోవచ్చని ఎక్కేవాడు.

"పోదాం బాబాయ్. పెయ్య వణుకుతోంది" అన్నాను ఆల్విన్‌తో.

ఊళ్లో దిగగానే ఆల్విన్ పోలీసులకు కబురు చేశాడు. అప్పటికే మంచు కమ్మడంతో కనుమను మూసేశారు. మళ్లీ తెరిచేసరికి మామ ప్రాణాలతో లేడు. ఆ సంగతి విని మా అక్క కూలబడి ఏడ్చింది. నేను పెయ్యకు గడ్డి వెయ్యడానికి దొడ్లోకి వెళ్లాను.