ఎదురు పందెం

దొంగ చేతికి తాళంచెవి ఇచ్చే ఇంటివాణ్ణి ఎక్కడైనా చూశారా? మా మకావులో చూడొచ్చు. క్యాసినోలో అడుగు పెట్టగానే కాగితం, పెన్సిలు వాళ్ళే చేతిలో పెడతారు. ఏ ఆట ఎవరు గెలిచారో రాసుకోండి, లెక్క కట్టండి, మమ్మల్ని ఓడించండి అంటారు. పైగా తెర మీద ఎర్ర సున్నాలు, నీలం సున్నాలు పేర్చి మరీ చూపిస్తారు. ఆ లెక్కలో నిజమే ఉంటే ఈపాటికి వాళ్ళు తలుపులు మూసుకోరూ? ఈ మాట మా ఆయనతో ఎన్నిసార్లు అన్నానో! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మా ఆయన పేరు కామ్‌లోయ్. శాన్‌కియు సందులో మా ఇద్దరిదీ నూడుల్స్ కొట్టు. కొట్టున్న అద్దె గది అమ్మేస్తున్నానని యజమాని కబురు పెట్టాడు. శుక్రవారంలోగా బయానా ఇస్తే మాకే, లేకపోతే ఫోన్లు అమ్మే కుర్రాడికి ఇచ్చేస్తాడట. బ్యాంకులో మా ఇద్దరి పేరా ఉన్న డబ్బు బయానాకు పోను కాస్త మిగులుతుంది. మిగతాది బ్యాంకు అప్పు తెచ్చి తీర్చుకోవచ్చని నా ఆలోచన.

"ముసలితనంలో అప్పెందుకే? ఆ సున్నాల దారి ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను. ఒక్క మధ్యాహ్నం చాలు," అన్నాడు ఆయన.

"చదివి చదివి ఉన్న చొక్కా ఊడగొట్టుకున్నవాళ్ళు మన సందులోనే నలుగురున్నారు."

"సగం నాది. నా సగంతో నేనేం చేస్తే నీకెందుకు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. గురువారం మధ్యాహ్నం, తినేవాళ్ళు వెళ్ళాక, ఆయన తన సగం జేబులో వేసుకుని గుమ్మం దాటాడు. నేనూ బ్యాంకుకు వెళ్ళి నా సగం తీశాను. పొయ్యి మీద పులుసు ఎముకలు మరుగుతున్నాయి, మంట చూస్తుండు అక్కా అని పక్క పళ్ళకొట్టు ఆవిడకు చెప్పి ఆయన వెనకే బస్సెక్కాను.

నా ఎత్తు ఇదీ. బకారా అనే పేకాటలో రెండే వైపులు, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. తొమ్మిదికి దగ్గరగా వచ్చిన వైపు గెలుపు. ఆయన నీలం మీద పెడితే నేను ఎరుపు మీద అంతే పెడతాను. ఆయన ఎరుపంటే నేను నీలం. ఆయన పోగొట్టుకున్నది నాకొస్తుంది, నేను పోగొట్టుకున్నది ఆయనకెళ్తుంది. ఎటు తిరిగినా ఇంటి సొమ్ము ఇంట్లోనే. ఎరుపు గెలిచినప్పుడు మాత్రం క్యాసినోవాళ్ళు నూటికి ఐదు కోసుకుంటారు. పిల్లుల తగవు కోతి తీర్చినట్టన్నమాట. కోతి కాస్త కొరుక్కుంటే కొరుక్కోనీ, మొత్తం మింగకపోతే చాలనుకున్నాను.

చిక్కల్లా ఒక్కటే. చివరికి ఆ సొమ్ము ఎవరి చేతిలో ఉంటుంది? నా చేతిలో ఉంటే రేపు బయానా. ఆయన చేతిలో ఉంటే రేపు మళ్ళీ ఇదే బల్ల.

ఆయన బల్లకు ఆ చివర కూర్చుని, ముక్కు కాగితానికి ఆనించి రాసుకుంటున్నాడు. తల ఎత్తితే తెర వైపే. నేను ఈ చివర, పచ్చరాతి గాజులు వేసుకున్న ఒక లావుపాటి ఆవిడ వెనక దాక్కున్నాను. నిలబడి ఆడేవాళ్ళు కూర్చున్నవాళ్ళ చేత, డబ్బిచ్చి మార్చుకున్న బిళ్ళలు పెట్టించడం మామూలే.

"అక్కా, కాస్త ఎరుపు మీద పెట్టవూ?"

ఆవిడ పెట్టింది. నీలం గెలిచింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ నీలమే. ఆయన వైపు మారిస్తే నేనూ మార్చాను, ఆయనే గెలిచాడు. నా సంచి తేలికవుతోంది, ఆయన ముందు బిళ్ళల కుప్ప లేస్తోంది. మొగుడు గెలుస్తుంటే ఓడిపోవాలని మొక్కుకునే పెళ్ళాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. పళ్ళకొట్టు ఆవిడ మంట తగ్గించిందో లేదో! సాయంత్రం బేరానికి పులుసు అడుగంటితే ఏం పెట్టను?

"ఆ కళ్ళద్దాలాయనకు ఎదురు ఆడుతున్నావు కదూ?" అంది గాజులావిడ వెనక్కి తిరిగి. "ఆయన దీపమా?"

ఓడడమే నొసట రాసిపెట్టి ఉన్నవాణ్ణి మా దగ్గర దీపం అంటారు. వాడికి ఎదురు పెడితే మిగతావాళ్ళకు దారి కనిపిస్తుందట.

"అవును," అన్నాను పళ్ళ బిగువున.

"బాగుందమ్మా! నీ దీపం నీ కొంపకే అంటుకుంటోంది."

ఆ తర్వాత గాలి తిరిగింది. తెర మీద ఎర్ర సున్నా పడింది. దాని కింద ఇంకొకటి. దాని కింద మరొకటి. అలా ఒకే రంగు బారుగా దిగితే డ్రాగన్ అంటారు. ఆయన లెక్క ప్రకారం డ్రాగన్ నడుం ఈపాటికే విరగాలి. అందుకని నీలం మీద పెట్టాడు, పోయింది. రెట్టింపు పెట్టాడు, పోయింది. నా సంచి బరువెక్కింది. గాజులావిడ పక్కవాడి చెవిలో ఏదో ఊదింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆయన చెయ్యి ఎటు కదులుతుందో చూసి దానికి ఎదురు పెట్టడం మొదలెట్టారు.

"దీపం గారూ, తొందరగా పెట్టండి, మాకు చీకటిగా ఉంది!" అన్నాడొకడు. అందరూ పగలబడి నవ్వారు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మొగుణ్ణి నేను తిడతాను, అది నా ఇష్టం. మీరెవర్రా అనడానికి? అందామని నోటిదాకా వచ్చింది. అంతలో తెర మీద ఇంకో ఎర్ర సున్నా పడింది. తర్వాతది కూడా ఎరుపేనని నా లోపల ఎవరో గట్టిగా చెప్పారు. ఛీ, నాకూ అంటుకుందా ఈ పిచ్చి అని లెంపలేసుకున్నాను. అయినా చూపు తెర మీంచి రాలేదు.

ఆయన మిగిలిన బిళ్ళలన్నీ రెండు చేతులా నీలం మీదికి తోసేశాడు. నేనూ సరిగ్గా అంతే లెక్కబెట్టి గాజులావిడ చేతిలో పోశాను. ఎరుపు మీద అందరి పందేల కంటే అదే పెద్దది. ఏ వైపు ఎవరు ఎక్కువ పెడితే ఆ వైపు ముక్కలు వాళ్ళే తెరవాలి. పంచే అమ్మాయి ఆయన ముందు రెండు ముక్కలు, గాజులావిడ ముందు రెండు ముక్కలు జరిపింది. ఆవిడ కొరివి చూసినట్టు చేతులు వెనక్కి లాక్కుంది.

"డబ్బు ఈవిడది. ఒకళ్ళ ముక్కలు నేను ముట్టుకోను తల్లీ, దరిద్రం నాకెందుకు?" అని లేచి నన్ను ముందుకు లాగింది.

మా ఆయన తల ఎత్తాడు.

"నువ్వా!"

"నేనే."

"ఇక్కడ నీకేం పనే?"

"నీకున్న పనే. తెరువు."

"ఎవరండీ ఈవిడ?" అన్నాడు ఇందాక వెక్కిరించినవాడు.

"నా పెళ్ళాం," అన్నాడు ఆయన. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన ముక్క అంచు వంచాడు. ఇంకాస్త వంచి, చుక్కలు ఎగిరిపోవాలని ఉఫ్ మని ఊదాడు. ఒకటి బొమ్మ, అంటే సున్నా. రెండోది ఎనిమిది. బల్ల మీద గుద్ది, "ఎనిమిది! చూశావా?" అని అరిచాడు. ఎనిమిదిని కొట్టేది తొమ్మిదొక్కటే.

నేను మొదటి ముక్క తిప్పాను. బొమ్మ. రెండోదాని మీద నా వేళ్ళు ఆగిపోయాయి. కొట్టు, పొయ్యి, ఇరవై ఏళ్ళ చాకిరీ, అన్నీ ఆ ముక్క కిందే ఉన్నాయి.

"మెల్లగా వంచవే. అలా కాదు, పక్క నుంచి," అన్నాడు ఆయన. అలవాటు కొద్దీ అన్నాడు, పాపం.

వంచలేదు. ఊదలేదు. చేప తిరగేసినట్టు తిప్పేశాను. తొమ్మిది.

జనం కేకలు పెట్టారు. బిళ్ళలు నా వైపు వచ్చాయి. కోతి తన వాటా కొరుక్కుంది. అయినా బయానాకు సరిపోతుంది. బిళ్ళలన్నీ సంచిలోకి ఊడ్చుకున్నాను.

"ఈవిడకు దారి తెలుసురోయ్! తర్వాత ఎటు పెడతావు వదినా?" అన్నారెవరో. గాజులావిడ ఖాళీ చేసిన కుర్చీ నా వైపు తోశారు.

మా ఆయన లేచి ఇటు చివరికి వచ్చాడు. కోపం లేదు ఆ మొహంలో. ఆశ ఉంది, అది చూసే నాకు భయం వేసింది.

"వరసగా ఇన్ని ఆటలు! నీకెలా తెలిసిందే? ఏం లెక్క అది? నాకు చెప్పవూ?"

"లెక్కా గిక్కా ఏమీ లేదయ్యా. నువ్వెటు పెడితే దానికి ఎదురు పెట్టాను. మొదటి నుంచీ అంతే. నువ్వు గెలిచినప్పుడల్లా ఓడింది నేనే."

 ఆయన ఇరవై ఏళ్ళు చదివిన తెర వైపు ఒకసారి చూశాడు.

"మరి నేను పెట్టకపోతే?"

"నువ్వు పెట్టకపోతే నాకూ ఏమీ తెలీదు."

నా వైపు తోసిన ఆ కుర్చీని ఆయనే బల్ల కిందికి నెట్టాడు. చేతిలో కాగితం, పెన్సిలు పంచే అమ్మాయి ముందు పెట్టేశాడు. బిళ్ళలు నోట్లుగా మార్చుకుని బస్సు దగ్గరికి నడిచాం. ఎక్కి కూర్చున్నాక అడిగాడు.

"పొయ్యి మీద ఎముకలు ఎవరు చూస్తున్నారే?"