నాలుగున్నర అడుగుల గేటు

నేను ఒక బండిని. నాకు రెండు చక్రాలు, ఒక తలుపు, మూడు కిటికీలు, ఇద్దరు పడుకునే మంచం, పొయ్యి పెట్టుకునే గట్టు అన్నీ ఉన్నాయి. ఇంజిన్ ఒక్కటే లేదు. ఎవరైనా తమ బండికి తగిలించుకుని లాగితే తప్ప అడుగు కదలలేను. పదమూడు నెలలపాటు కొవ్వూరులో ఒక పెరట్లో, నాలుగు గోడల మధ్య నిలబడి ఉన్నాను. చక్రాలున్నదానికి ఇంతకంటే అవమానం ఉంటుందా? మీరే చెప్పండి.

పుట్టింది బెజవాడ ఆటోనగర్‌లో, లారీలకు బాడీలు కట్టే ఒక షెడ్డులో. మస్తాన్ మేస్త్రీ నా ఇనప చట్రానికి వెల్డింగ్ చేస్తూ, "ఇది ఇల్లా, బండా?" అని రోజుకోసారి గొణుక్కునేవాడు. నా పక్కనే ఇంకొకటి తయారవుతూ ఉండేది. అది మోటారు ఇల్లు. వ్యాను మీదే ఇల్లు కట్టేశారు, ముందు స్టీరింగు, వెనక మంచం. దానికి నేనంటే చిన్నచూపు. తోలేవాడు ఎక్కితే చాలు, అది పోతుంది. నేనేమో ఇంకో బండి వెనక పడి పోవాలి. నాకూ దాని మీద కుళ్లు ఉండేది, దాచడమెందుకు.

ఒకరోజు ఒక జంట వచ్చారు. అమ్మాజీ గారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇరవై రెండేళ్లు కొవ్వూరు, రాజమండ్రి మధ్య తిరిగే బస్సులో టిక్కెట్లు కొట్టారు. రోజుకు ఎనిమిది సార్లు గోదారి దాటారు. ఆ నది ఎక్కడ పుడుతుందో మాత్రం ఎప్పుడూ చూడలేదు. త్ర్యంబకంలో గోదారి చెంబెడు నీళ్లుగా పుడుతుందని ఎవరో ప్రయాణికుడు చెప్పాడట. అది చూడాలి, అక్కణ్నించి ఒడ్డు వెంబడే ఇంటికి రావాలి. ఆవిడ కోరిక అదొక్కటే. భర్త చంద్రరావు గారు సర్వేయరుగా చేశారు. చొక్కా జేబులో ఎప్పుడూ టేపు, చిన్న పుస్తకం ఉండేవి. ఏది కొలిచినా ఆ పుస్తకంలో రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టేవారు. పెళ్లిపందిరి కొలిచినా అంతే.

ఆ రోజు మా ఇద్దరి ముందూ పెద్ద వాదనే జరిగింది. అమ్మాజీ గారు వెళ్లి మోటారు ఇంటి స్టీరింగు ముందు కూర్చున్నారు.

"ఇది తీసుకుందావండీ. దాని కాళ్ల మీద అది వెళ్తాది."

"ఇంజిను చెడిందనుకో, ఇల్లు మొత్తం షెడ్డులో పడుంటాది. మనం ఎక్కడ పడుకుంటాం? పాల పేకెట్టు కావాలన్నా మంచం, పొయ్యి ఊరేగించుకుంటా వెళ్లాలి. అదే ఈ బండయితే, ఒకచోట ఆపి, హుక్కు ఊడదీసి, జీపులో ఎక్కడికైనా తిరగొచ్చు. జీపు ఎలాగూ ఉంది, తోలడం ఇద్దరికీ వచ్చు."

"మరి లాగేవాళ్లు లాగనంటేనో?"

"నేను లేనూ? నేను లాగుతాను కదా."

ఆయన మాటే నెగ్గింది. నేను పొంగిపోయాను. ఆ మోటారు ఇల్లు ఇప్పుడు ఏ సముద్రం ఒడ్డున ఉందో మరి.

ఊరికి తెస్తున్న రోజే కథ అడ్డం తిరిగింది. ఏలూరు దాటాక టీకి ఆగి, మళ్లీ హైవే ఎక్కడానికి కొంచెం వెనక్కి తోలాల్సి వచ్చింది. నాలాంటిదాన్ని వెనక్కి తోలడం ఒక విద్య. స్టీరింగు ఎడమకు తిప్పితే నేను కుడికి పోతాను. నా పుట్టుకే అంత. ఆయన తిప్పిన కొద్దీ నేను రోడ్డుకు అడ్డం పడ్డాను. వెనక లారీలు బారులు తీరాయి, ఒకటే హారన్లు. ఒక లారీ డ్రైవరు దిగొచ్చి, "రానప్పుడు ఎందుకు పెద్దాయనా ఇవన్నీ?" అని అందరి ముందూ అని, తానే జీపెక్కి తిప్పి ఇచ్చాడు. అమ్మాజీ గారు నవ్వేసి ఊరుకున్నారు. చంద్రరావు గారు ఇంటి దాకా అద్దంలో నా వంక చూడలేదు. ఇంటి దగ్గర మళ్లీ వెనక్కి తోలే ధైర్యం లేక, వీధిలోవాళ్ల చేత నెట్టించి, నైరుతి గేటులోంచి నన్ను వెనక్కి పెరట్లోకి పంపారు. నా హుక్కు వీధి వైపే ఉండిపోయింది. జీపు వీధిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ప్రయాణం కుదరలేదు. మొదట ఎండలన్నారు, తర్వాత వానలన్నారు, ఆ తర్వాత మూఢమన్నారు. అమ్మాజీ గారు మాత్రం నాలో సామాను సర్దుతూనే ఉన్నారు. కుక్కరు, ఆవకాయ జాడీ, రెండు దుప్పట్లు, మంచం పైన అంటించిన గోదారి పటం. మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర కూర్చుని పటంలో ఊళ్ల పేర్లు పైకి చదివేవారు. నాసిక్, నాందేడు, బాసర, ధర్మపురి, భద్రాచలం. బస్సులో స్టేజీల పేర్లు పిలిచినట్టే ఉండేది ఆ గొంతు. వింటూ ఉంటే నా టైర్లు తహతహలాడేవి.

ఇంతలో చంద్రరావు గారికి జ్వరం వచ్చి మూడు వారాలు వదల్లేదు. వాస్తు చూసే సిద్ధాంతి గారు వచ్చి, నైరుతి గేటు యజమానికి మంచిది కాదు, అది మూసేసి ఈశాన్యాన సందులోకి చిన్న గేటు పెట్టుకోమన్నారు. జ్వరం మందులతో తగ్గింది. గేటు మాత్రం మూతపడింది. గోడ లేచాక అమ్మాజీ గారు కాఫీ గ్లాసుతో పెరట్లోకి వచ్చి, నా వైపు చూసి, కొత్త గేటు వైపు చూసి, గ్లాసు అక్కడే పెట్టేశారు.

"ఏవండీ, బండి బయటికెలా వెళ్తాదండీ?"

"అయ్యయ్యో! ఆ సంగతే తట్టలేదే. మళ్లీ గోడ కొడితే అరిష్టమంటారు. చూద్దాంలే."

వీధి వీధంతా నవ్వింది. ఊళ్లో పొలాలన్నీ కొలిచిన మనిషి సొంత గేటు కొలుచుకోలేదట. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే నాకు నిజం తెలుసు. తాపీ మేస్త్రీ రావడానికి మూడు రోజుల ముందు, ఆవిడ బజారుకు వెళ్లినప్పుడు, ఆయన టేపు తీసి నా వెడల్పు కొలిచారు. ఒకసారి కాదు, రెండుసార్లు. సందు వైపు గేటు కోసం గీసిన గీతల మధ్య దూరమూ కొలిచారు. నా మెట్టు మీద కూర్చుని పుస్తకంలో రాసి, ఆ పేజీ వంక చాలాసేపు చూశారు. తర్వాత పుస్తకాన్ని నా సీటు కింద, జాకీ, స్పానర్లు ఉండే పెట్టెలో అడుగున పెట్టేశారు.

ఆ పుస్తకాన్ని కడుపులో పెట్టుకుని నిలబడ్డాను. చెప్పడానికి నోరు లేదు, పోవడానికి దారి లేదు. నా కిటికీకి ఎదురుగా సున్నం వెయ్యని ఇటుకలు. కుడి టైరులో గాలి పోయి నేను ఒక పక్కకు ఒరిగాను. దుప్పట్లకు చెమ్మ వాసన పట్టింది. గోడ అవతల జీపు స్టార్టయినప్పుడల్లా నా కోసమే అనుకునేదాన్ని. అది రైతుబజారుకు వెళ్లి వంకాయలతో తిరిగొచ్చేది. అమ్మాజీ గారు రావడం తగ్గించారు. వచ్చినా ఊళ్ల పేర్లు చదవడం మానేశారు. అన్నిటికంటే అదే నాకు కష్టమనిపించింది.

మొన్న ముసురుకు నా కప్పు కారి సీటు చెక్క ఉబ్బింది. ఎండలో ఆరబెడదామని ఆవిడ చెక్క ఎత్తారు. జాకీ కింద పుస్తకం కనిపించింది. "బండి వెడల్పు ఏడడుగుల రెండంగుళాలు. కొత్త గేటు నాలుగున్నర అడుగులు. బండి పోదు." దాని కింద తేదీ, ఆ కింద సంతకం. దాచిపెట్టే మాటకు కూడా సంతకం చెయ్యకుండా ఉండలేకపోయారు పాపం.

ఆవిడ పిలిచిన పిలుపుకు చంద్రరావు గారు వచ్చి నా గుమ్మంలోనే ఆగిపోయారు.

"ముందే కొలిచేరా?"

"కొలిచేను."

"బండి పోదని రాసేరు కూడాను."

"నాకు భయమేసిందే అమ్మాజీ. ఆ లారీలాళ్ల ముందర అలా అయ్యేసరికి, మళ్లీ తోలలేననిపించింది. చెప్పుకోడానికి సిగ్గేసింది."

"ఆ మాటేదో అప్పుడే చెప్తే, వెనక్కి తోలడం నేను నేర్చుకుందును కదండీ."

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఆయన మొహమే చెప్పింది. మర్నాడు పాత టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని, పటం ఊడదీసి అందులో పెట్టుకుని, "నేను బస్సులో పోతున్నాను. మీరు గోడకి కాపలా ఉండండి" అని ఆ చిన్న గేటులోంచే వెళ్లిపోయారు. మనిషికి నాలుగున్నర అడుగులు చాలు. ఇన్నాళ్లూ ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

ఐదో రోజు ఫోను వచ్చేసరికి ఆయన నా మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

"ఏవండీ, త్ర్యంబకంలో ఉన్నాను. గోదారి ఇక్కడ చెంబుతో ముంచుకునేటంతే ఉందండి. ఏడుపొచ్చేసింది నాకు."

"ఎప్పుడొస్తావే?"

"గోదారితో పాటే వస్తాను. ఊరూరా దిగుతాను."

ఫోను పెట్టేసి ఆయన గునపం తెచ్చారు. మేస్త్రీని పిలవలేదు, సిద్ధాంతి గారినీ అడగలేదు. ఆవిడ నాందేడులో ఉన్నానన్న రోజుకు నైరుతి గోడ పై వరసలు దిగాయి. బాసర అన్న రోజుకు నా కిటికీలోంచి జీపు కప్పు కనిపించింది. ధర్మపురి నాటికి ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. భద్రాచలం నుంచి ఫోను వచ్చేసరికి గోడలో ఎనిమిది అడుగుల దారి తెరుచుకుంది. ఆయన టేపుతో కొలిచారు గానీ ఎక్కడా రాయలేదు.

అమ్మాజీ గారు వచ్చి, సంచి దించకుండానే ఆ దారినీ, ఆయన చేతుల్నీ చూశారు. క్షమించానని అనలేదు. "జీపు తాళం ఇవ్వండి" అన్నారు. నా టైరుకు గాలి కొట్టించి, హుక్కు తగిలించి, తానే స్టీరింగు ముందు కూర్చున్నారు.

"మీరు బండి వెనకాల, నాకు అద్దంలో కనపడేలా ఓ పక్కకి నిలబడండి. ఆపమంటే ఒక దెబ్బ, పొమ్మంటే రెండు. మా బస్సులో బెల్లు కొట్టినట్టే."

మా వీధి ఇరుకు. ఒక్క ఊపులో బయటపడే వీలు లేదు. సగం వచ్చి, వెనక్కి వెళ్లి, మళ్లీ తిరగాలి. వెనక్కి వచ్చేటప్పుడు ఆవిడ స్టీరింగు ఎడమకు తిప్పారు. నా పుట్టుక ప్రకారం నేను కుడికి పోయి మిగిలిన గోడను గుద్దుకున్నాను. రెండు ఇటుకలు రాలాయి. నా వీపు మీద గట్టిగా ఒక దెబ్బ పడింది. ఆగాం. ఎవరూ హారన్ కొట్టలేదు.

నేనింకా సగం లోపలే ఉన్నాను. అమ్మాజీ గారు స్టీరింగు పట్టుకుని అద్దంలోంచి ఆయన వైపే చూస్తున్నారు. చంద్రరావు గారు చెయ్యి ఎత్తి కాసేపు అలాగే ఉంచారు. తర్వాత ఆ బొబ్బల చేత్తో నా రేకు మీద రెండు దెబ్బలు కొట్టారు.