ఆయన సైజు బూట్లు

“రెండు పేజీలు చాలు. కట్ట మీద ఏమేం చేస్తారో కాస్త వివరంగా రాయి. వినేవాళ్ళకి నమ్మకం కలగాలి,” అన్నాడు మొగుడు, స్టూలు మీద కాళ్ళు చాపుకుని, ఆమె ఇస్త్రీ చేస్తున్న తన తెల్లచొక్కా వైపు చూస్తూ.

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. కాలర్ దగ్గర మాడువాసన వచ్చేదాకా ఆమెకి తెలియలేదు. నమ్మకం కలగాలట! ఇరవై ఏళ్ళు కట్ట మీద మట్టి మోసినందుకు సన్మానమట, అక్కడ ఏం చేస్తారో మాత్రం ఇంకొకరు రాసివ్వాలట. సిగ్గుతో చచ్చిపోవాల్సిన మాట అది. ఆ మనిషి మాత్రం ఉప్పు డబ్బా ఇటివ్వు అన్నంత మామూలుగా అన్నాడు.

ఆ ఊరు చుట్టూ నీళ్ళే. సముద్రానికీ వీధులకీ అడ్డంగా ఉన్నది ఒక్క మట్టికట్ట. అందుకే ఊరివాళ్ళు ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: నెలకొక ఆదివారం, ఇంటికొక మనిషి. మేస్త్రి రిజిస్టర్ పట్టుకుని నిలబడతాడు. రిజిస్టర్లో ఉండేది ఇంటి యజమాని పేరు. ఆ ఇంటినుంచి ఎవరొచ్చినా టిక్కు ఆ పేరుకే. బూట్లు కూడా అంతే, అయిదేళ్ళకో జత కమిటీవాళ్ళే ఇస్తారు, ఆ పేరుగల మనిషి పాదం కొలతకి. ఇరవై ఏళ్ళు ఒక్క నెలా తప్పకుండా టిక్కు పడితే, లాంచీల రేవు దగ్గరున్న చెక్కబోర్డు మీద ఆ పేరు రాస్తారు. ఆ ఊళ్ళో అంతకన్నా పెద్ద గౌరవం లేదు. ఈ ఏడు ఆ గౌరవం దక్కింది ఒక్కరికే. కమిటీ సెక్రటరీగారికి. అంటే, ఇదిగో, స్టూలు మీద కాళ్ళు పెట్టుకున్న ఈయనగారికి.

కాపురానికొచ్చిన కొత్తలో ఆయనకి జలుబు చేసింది. “ఈ ఒక్క ఆదివారం నువ్వెళ్ళిరావే, ముక్కు దిబ్బడ వేసింది,” అన్నాడు. పాపం అనుకుని వెళ్ళింది. ఆ జలుబు ఇరవై ఏళ్ళయినా తగ్గలేదు. తరవాతి నెల, “నాకున్న సెలవే ఆ ఒక్కరోజు కదే,” అన్నాడు. ఆమెకి మటుకు వారానికి నాలుగు ఆదివారాలున్నట్టు! ఆ పైనెల, “నువ్వెలాగూ పొద్దున్నే లేస్తావుగా,” అన్నాడు. ఆ తర్వాత అనడం కూడా మానేశాడు. కమిటీలో చేరి, కట్ట గురించి మీటింగులు పెట్టడం మొదలెట్టాక, ఇంక కట్ట మీదికి పోవాల్సిన పనేముంది? ఆ మీటింగులకి టీలు కాచిందీ ఆమే, ఎవరేం మాట్లాడారో పుస్తకంలో రాసిపెట్టిందీ ఆమే. కింద సంతకం మాత్రం ఆయనది.

అత్తగారు అప్పట్లో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. “మగాడు బురదలో దిగితే ఇంటి పరువేం కాను?” ఆడది దిగితే పరువుకేమీ కాదన్నమాట! ఆ మాటకి ఆమె ఎన్ని రాత్రులు పళ్ళు నూరుకుందో ఎవరికీ తెలియదు.

ఆమె ఉద్యోగం లాంచీ టిక్కెట్ల కౌంటర్లో. ఈ వారమంతా కిటికీ ముందుకొచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే పాట. “మీవారు దేవుడండీ, ఊరికోసం అంత కష్టపడ్డారు.” “మీరు అదృష్టవంతులమ్మా.” పై అధికారి అయితే, “మీవారిని చూసి నేర్చుకోవాలండి మనం. మీరు కూడా అప్పుడప్పుడు వెళ్ళొస్తుండండి, ఒంటికి మంచిది,” అన్నాడు. టిక్కెట్టు చింపి ఇస్తున్న ఆమె చేతి గోళ్ళలో మొన్నటి బంకమట్టి ఇంకా నల్లగానే ఉంది. ఆ అధికారి కంటికి అది కనపడలేదు. అసలు ఎవరి కంటికి కనపడింది కనక!

ఇస్త్రీ ముగించి, చొక్కా హ్యాంగరుకి తగిలించి, కాగితాలు తీసుకుని వసారాలో కూర్చుంది. మొదట, “సోదర సోదరీమణులారా, సమాజసేవ,” అంటూ ఆయనకి నచ్చే పద్ధతిలోనే మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు రాసి చదువుకుంది. ఆ కాగితం ఉండచుట్టి పారేసింది. ఏం చేస్తారో వివరంగా కావాలన్నాడుగా? రాస్తాను, ఉన్నది ఉన్నట్టు రాస్తాను అనుకుంది. ఇంక కలం ఆగలేదు.

పక్కన బియ్యంలో రాళ్ళేరుతున్న అత్తగారు, “ఏం రాశావో చదువమ్మాయ్, నాకు అక్షరాలు ఆనటం లేదు,” అంది. ఆమె క్షణం తటపటాయించి, చివరంటా చదివింది. అరుస్తుందనే అనుకుంది. ముసలావిడ చేట పక్కన పెట్టింది.

“మీ మామగారి పేరు బోర్డు మీద మూడో వరసలో ఉంది చూశావా?” అంది.

“రోజూ చూస్తూనే ఉన్నానుగా అత్తయ్యా.”

“ఆ ఇరవై ఏళ్ళూ వెళ్ళింది నేను. నీకు పురుడొచ్చిన నెల కూడా నేనే వెళ్ళాను, ఆ టిక్కు తప్పిపోతుందని నా కొడుకు గోలపెడితే. నడుం అప్పుడు పట్టుకుంది, ఇంక వదల్లేదు.” మళ్ళీ చేట అందుకుంది. “అది కూడా రాయి.”

మొగుడు బయటికెళ్ళబోతూ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటుంటే ఆమె అంది, “ఒక్కసారి చదివి చూసుకోండి.”

“నువ్వు రాశాక ఇంక చూసేదేముందే!”

“చూసుకుంటే మంచిదండీ.”

“అబ్బా, ఎప్పుడైనా చూశానా?” అని నవ్వి వెళ్ళిపోయాడు. చూడలేదు, నిజమే. ఇరవై ఏళ్ళలో దేన్నీ చూడలేదు.

సాయంత్రం రేవు దగ్గర షామియానా వేశారు. పక్క ఊరినుంచి లాంచీలో ముఖ్య అతిథి దిగాడు. బోర్డు కింద కొత్త పేరుకి చోటు తెల్లరంగేసి ఉంచారు. సెక్రటరీగారి తల్లి కాబట్టి అత్తగారికి ముందువరసలో కుర్చీ. సెక్రటరీగారి భార్య కాబట్టి ఆమెకి వెనకాల టీ బల్ల.

దండ మెళ్ళో వేసుకుని, కళ్ళజోడు సర్దుకుని, మొగుడు మైకు ముందు కాగితం విప్పాడు. గొంతు మంచిదే, ఆ మాట కాదనకూడదు.

“అందరికీ నమస్కారం. మొదటిసారి కట్ట మీదికి వెళ్ళిననాడు నాకు ఇరవై మూడేళ్ళు. కాళ్ళకున్న బూట్లు రెండు సైజులు పెద్దవి. ముందు పాత పేపర్లు కుక్కుకుని నడిచాను.”

చప్పట్లు. ఆయన ఛాతీ పొంగింది.

“పీతల బొరియలు కాలితో తొక్కితే మూసుకోవు. మోచేతిదాకా చెయ్యి దూర్చి బంకమట్టి కూరాలి. లోపల పీత ఉంటే కొరుకుతుంది. ఆ చేత్తోనే ఇంటికొచ్చి అందరికీ వంట చేశాను.”

“ఆహా! వంట కూడానా!” అన్నాడు కమిటీ ప్రెసిడెంటు, అతిథి చెవి దగ్గరికి వంగి. మళ్ళీ చప్పట్లు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. వండానని చదివినందుకే ఆయనకి చప్పట్లు! రోజుకి మూడుపూటలా వండేవాళ్ళు వెనకవరసల్లో కూర్చున్నారు, వాళ్ళకి ఎవడు కొట్టాడు? అక్కడక్కడ ఆడవాళ్ళు అప్పటికే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు.

“మూడో ఏడు, ఏడో నెల కడుపుతో బస్తా ఎత్తుతుంటే...”

గొంతు ఆగిపోయింది. మైకులో ఆయన ఊపిరి మాత్రం వినపడింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆయన తలెత్తి జనంలో ఆమెకోసం వెతికాడు. కళ్ళజోడు దొరక్కపోయినా, తాళాలు కనపడకపోయినా వెతికే చూపే అది. ఇన్నేళ్ళూ ఆ చూపు పడగానే ఆమె లేచి పరిగెత్తింది. ఇప్పుడు మాత్రం కదల్లేదు.

“కాగితం... కాగితం మారిపోయినట్టుందండీ,” అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

“మారలేదు,” అంది ఆమె టీ బల్ల దగ్గర్నుంచి. మైకు లేకపోయినా అందరికీ వినపడింది.

ప్రెసిడెంటు గబుక్కున లేచాడు. “సరే సరే, మిగతాది తరవాత. అమ్మా, ముందు టీలు పంచెయ్యండి.”

ముందువరసలో చేతికర్ర టక్కుమంది. “ఆపావేంరా?” అంది అత్తగారు కొడుకుతో. “చదువు. నా ముక్క ఇంకా రాలేదు.”

కొడుకు చదవలేదు. ఆమె టీ కెటిల్ బల్ల మీద పెట్టేసి, కుర్చీల మధ్యనుంచి నడిచి వెళ్ళింది. మొగుడి చేతిలోంచి కాగితం తీసుకుంటుంటే ఆయన పళ్ళ మధ్యనుంచి అన్నాడు, “పరువు తీస్తున్నావే.”

“చదివి చూసుకోమన్నాను. రెండుసార్లు,” అంది ఆమె. మాట మైకులో పడింది.

ఆయన ఆపిన చోటే మొదలుపెట్టి చదివింది. బస్తాతో సహా జారిపడ్డది చదివింది. ఆవేళ కూడా టిక్కు పెట్టాకే మేస్త్రి ఇంటికి పంపించాడని చదివింది. పురిటి నెలలో కట్ట మీదికి పంపించిన ముసలితల్లి నడుం గురించి, మూడో వరసలో ఉన్న మామగారి పేరు గురించి చదివింది. అత్తగారు ప్రతి ముక్కకీ తలూపింది. వెనకవరసల్లో ఒక్కొక్క ఆడమనిషే లేచి నిలబడటం మొదలెట్టింది. మేస్త్రి తలొంచుకున్నాడు. చివరి మూడు వాక్యాలకి మాత్రం కాగితం అక్కర్లేకపోయింది.

“బోర్డు మీద ఎవరి పేరు రాసుకుంటారో మీ ఇష్టం. వచ్చే నెల ఆదివారం మా ఇంటినుంచి మా ఆయన వస్తారు. బూట్లు గుమ్మం పక్కనే ఉన్నాయి, ఆయన సైజువే.”