ఒక్క చుక్క తగలనివ్వలేదు

రొయ్యల చెరువు ఎండగడితే అడుగు సిమెంటు గచ్చులా బిగుస్తుంది. రొయ్యలు పట్టేశాక నీళ్ళు తోడేసి, మళ్ళీ రొయ్యపిల్లల సీడు వదిలేలోపు కొన్నాళ్ళు దాన్ని అలా ఎండకి వదిలేస్తారు. చినలంకపాలెం ఆడపిల్లలు హాకీ నేర్చుకున్నది ఆ నేల మీదే. హైస్కూలు గ్రౌండు సగం కొత్త భవనాలకి పోయింది. మిగతా సగంలో వానాకాలమంతా మోకాలి లోతు నీళ్ళు. పీఈటీ ఉషారాణి మేడం తిరిగి తిరిగి, చివరికి చెరువుల యజమాని సురేంద్ర దగ్గరికి వెళ్ళింది.

"రొయ్యలే సరిగ్గా పెరగట్లేదండి మేడంగారూ, ఇంక పిల్లలేం పెరుగుతారు అక్కడ?" అని నవ్వాడు సురేంద్ర. "సరే, ఆడుకోమనండి. గట్లు మాత్రం తొక్కి పాడుచెయ్యొద్దనండి."

పెరిగారు. ఆ చెరువు అడుగున గోలు కాసిన సాయిదుర్గకి ఇండియా అండర్-18 అమ్మాయిల జట్టులో గోల్‌కీపరుగా చోటొచ్చింది. మలేషియాలో అంతర్జాతీయ పోటీ. ముందు బెంగుళూరులో క్యాంపు, అక్కణ్ణించి విమానం. బస్టాపు దగ్గర ఆ పిల్ల ఫ్లెక్సీ కట్టారు. కాళ్ళకి లావుపాటి ప్యాడ్లు, నెత్తిన హెల్మెట్టు, ముఖానికి జాలీ.

"నా మనవరాలి ఫోటో అని చెప్పి తాబేలు ఫోటో ఏశారేంట్రా?" అంది మామ్మ అప్పాయమ్మ. బస్టాపంతా నవ్వింది.

సాయిదుర్గ తండ్రి పల్లంరాజు ఒకప్పుడు సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. వేట తగ్గిపోయాక సురేంద్ర చెరువుల మీద కుదిరాడు. కాపలా అతనే, మేత వేసేదీ అతనే, సున్నం చల్లేదీ అతనే. చెరువు ఎండాక అడుగుకి సున్నం పట్టించడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని పేరు. ఏళ్ళ తరబడి సున్నం ముట్టి అతని అరచేతులు పాత తెడ్డులా బీటలు వారిపోయాయి. వేలిముద్ర పడక రేషన్ షాపులో ఎప్పుడూ గొడవే.

క్యాంపుకి బయల్దేరే ముందు ఆఖరి ప్రాక్టీసు. పొద్దున్నే సున్నం లోడు వచ్చి గట్టు మీద దిగింది. తడపని గుల్లసున్నం, ఇంకా గడ్డలు గడ్డలుగానే ఉంది. కింద పిల్లలు స్టిక్కులు పట్టుకుని చేరారు. గోలు ముందు అర్ధచంద్రంలా గీసే గీతని వాళ్ళు 'డీ' అంటారు. రెండు రోజులకోసారి అది చెరిగిపోతుంది. దాన్ని గీసేది ఎప్పుడూ సాయిదుర్గే. ఇంకెవరైనా గీస్తే వంకర పోయిందని మళ్ళీ తుడిచి గీస్తుంది. ముగ్గుపిండి అయిపోయింది. పాత పాలడబ్బా పట్టుకుని గట్టెక్కి, లోడులోంచి పొడిగా రాలినంత నింపుకుంది.

పల్లంరాజు చూశాడు. "అమ్మలూ, అది తడపని సున్నం. చేత్తో ముట్టుకోకు, పొక్కుద్ది. డబ్బాతోనే పొయ్యి."

"ఆయ్," అంది సాయిదుర్గ.

వంగి, వెనక్కి నడుస్తూ, సన్నగా పోసుకుంటూ వచ్చింది. సగం గీశాక డబ్బా మూతి దగ్గర గడ్డ అడ్డుపడింది. డబ్బా పైకెత్తి, లోపలికి చూస్తూ అడుగున కొట్టింది. అదే క్షణంలో సముద్రం వైపు నించి గాలి విసిరింది.

ఆ కేక విని గట్టు మీద వాళ్ళంతా లేచారు. సాయిదుర్గ ముఖమంతా తెల్లగా ఉంది. రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని గిరగిరా తిరుగుతోంది. ఉషారాణి మేడం నీళ్ళ బాటిల్ మూత తిప్పుతూ పరిగెత్తుకొచ్చింది.

"పొయ్యొద్దు!" పల్లంరాజు గట్టు మీద నించి దూకాడు. "మేడంగారూ, పొయ్యొద్దు! సున్నం ఉడికిపోద్ది!"

"కళ్ళు కడగాలండీ! మాకు ట్రైనింగులో చెప్పారు, ఏది పడినా ముందు నీళ్ళే..."

"ఏం ట్రైనింగండీ? సున్నంలో నీళ్ళు పోస్తే ఏమవుద్దో ఇక్కడ పాకే పిల్లకి తెల్సు. నా కూతురి కళ్ళని ఉడకబెడతారా?"

చేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. బాటిల్ నేల మీద పడింది. పారిన నీళ్ళు పారినట్టే బీటల్లోకి దిగిపోయాయి. సున్నం చల్లడానికొచ్చిన ఆడవాళ్ళు కూడా, "అవునండి, నీళ్ళు తగలనివ్వకండి, కళ్ళు వేగిపోతాయి," అన్నారు. అందరిదీ ఒకటే మాట. ఉషారాణి తను నేర్చుకున్నదే తప్పేమో అన్నట్టు నిలబడిపోయింది.

"నాన్నా, నీళ్ళు. నాన్నా, నీళ్ళు పొయ్యి." సాయిదుర్గ కళ్ళు మూసుకునే పక్క చెరువు వైపు పరిగెత్తబోయింది. ఆ చెరువు నిండా నీళ్ళున్నాయి. మధ్యలో ఒక్క గట్టే అడ్డం. పల్లంరాజు ఆ పిల్ల రెండు మణికట్లూ దొరకబుచ్చుకున్నాడు. గోల్‌కీపరు చేతులు, మామూలు బలం కాదు. అయినా వదల్లేదు.

"ఓర్చుకో తల్లీ. ఓర్చుకో. నీ మంచికే."

అప్పాయమ్మ ఇంట్లోంచి ఆముదం సీసా తెచ్చింది. రెప్పలు విడదీసి రెండు కళ్ళలోనూ నిండుగా పోసింది. పైన తడిలేని గుడ్డ చూసి కట్టింది.

సురేంద్ర కారులో రాజమండ్రి బయల్దేరారు. వెనక సీట్లో సాయిదుర్గ తండ్రి ఒళ్ళో తల పెట్టుకుంది. నిడదవోలులో రైలు గేటు పడింది. కారు ఆగగానే ఉషారాణి దిగి నీళ్ళ బాటిల్ కొనుక్కొచ్చింది.

"పల్లంరాజుగారూ, ఇప్పుడైనా..."

అతను ఆమె వైపు చూశాడు, అంతే. కట్టు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఉషారాణి ఆ బాటిల్ ఒళ్ళో పెట్టుకుని, మూత తియ్యకుండానే రాజమండ్రి దాకా కూర్చుంది.

కంటాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. కట్టు విప్పుతూ అడిగింది, "సున్నం పడ్డాక ఎంతసేపు కడిగారు?"

"ఒక్క చుక్క తగలనివ్వలేదండి," అన్నాడు పల్లంరాజు. తుఫానులో పడవని ఒడ్డుకి లాక్కొచ్చినవాడి గొంతు అది. "ఆముదం పోసి తీసుకొచ్చేశామండి."

డాక్టరమ్మ చేతిలో దూది ఆగిపోయింది. నర్సుల్ని పెద్దగా కేకేసింది. సెలైన్ సీసాల మీద సీసాలు తెప్పించి కళ్ళు కడగడం మొదలుపెట్టింది. రెప్పల కింద సున్నం ఆముదంతో కలిసి వెన్నలా పేరుకుని ఉంది. పుల్లకి దూది చుట్టి దాన్ని కొంచెం కొంచెంగా తీస్తుంటే, సాయిదుర్గ అరవడం కూడా మానేసి మంచం పట్టీలు పట్టుకుని పడుకుంది. పల్లంరాజు గోడకి ఆనుకుని అదంతా చూశాడు. నీళ్ళు పోస్తున్నారు. ఏదీ ఉడకలేదు. పొగ రాలేదు. కడిగేకొద్దీ కూతురి ఊపిరి నెమ్మదించడం అతనికి తెలుస్తూనే ఉంది.

చాలాసేపటికి డాక్టరమ్మ వాళ్ళ వైపు తిరిగింది.

"కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి వెలుతురు వరకూ తెలుస్తోంది. అంతకంటే ఆశ పెట్టలేను." తర్వాత ఇక ఆపుకోలేకపోయింది. "కంట్లో నీళ్ళుండవా అండీ? ఆ తడికే సున్నం ఉడకడం మొదలుపెట్టింది. నూనె పోసి కట్టు కట్టి, దాన్ని లోపలే ఉంచి దారి పొడుగునా ఉడకనిచ్చారు. పడగానే కాలవలో ముంచినా ఈపాటికి ఈ అమ్మాయి ఇంటికి వెళ్ళిపోయేది. నీళ్ళు వద్దన్నదెవరు?"

"నేనేనండి."

మంచం మీద నించి వచ్చింది ఆ మాట.

"మంటకి భయపడి నేనే పొయ్యనివ్వలేదండి. మా నాన్న పొయ్యమనే అన్నాడు," అంది సాయిదుర్గ.

డాక్టరమ్మ పిల్ల మణికట్ల కేసి చూసింది. రెండింటి మీదా వేళ్ళ అచ్చులు ఎర్రగా తేలి ఉన్నాయి. ఆ తర్వాత పల్లంరాజు చేతుల కేసి చూసింది. ఇంకేమీ అడగకుండా బయటికి వెళ్ళిపోయింది.

జట్టులో సాయిదుర్గ చోటు జంగారెడ్డిగూడెం పిల్ల దేవిశ్రీకి ఇచ్చారు. ఆ పిల్ల ఫోను చేసి ఏడ్చింది. "ఏడవకే. కుడివైపు పడ్డప్పుడు నీ ఎడం కాలు లేటవుద్ది, అది చూసుకో," అని ఫోను పెట్టేసింది సాయిదుర్గ.

ఊళ్ళో మాటంతా ఉషారాణి మీదకి మళ్ళింది. హైస్కూలు వరండాలో పెద్దలూ ఆడపిల్లల తల్లిదండ్రులూ కూర్చున్నారు. హాకీ ఎవరడిగారన్నారు. పిల్లల చేత సున్నం ముట్టించిందన్నారు. "నా సరుకు నన్నడక్కుండా తియ్యడమేంటండి?" అన్నాడు సురేంద్ర. కారు ఇచ్చినవాడు కాబట్టి ఆ మాటకి బరువుంది. ఆట ఆపెయ్యాలి, మేడంగారిని ఇక్కణ్ణించి మార్పించాలి. అంతా ఒక్క మాట మీదకి వస్తుంటే పల్లంరాజు లేచాడు.

"ఆవిడ నీళ్ళు పొయ్యబోయింది. పొయ్యనివ్వంది నేను. పోసుంటే కళ్ళు దక్కేవని డాక్టరమ్మ చెప్పింది. పాప ఒద్దందని అక్కడ చెప్పింది గానీ, అది అబద్ధం. నన్ను కాయడానికి చెప్పింది. నేనే చేతులు పట్టుకున్నాను."

పెద్దాయన తాతాజీ గొంతు సవరించుకున్నాడు.

"డాక్టర్లు అలాగే అంటార్రా. కన్ను వాళ్ళ చేతిలో పోయింది, నీ మీదకి తోశారు. సున్నంలో నీళ్ళెవడైనా పోస్తాడా?"

"మేమైనా అదే చేద్దుం గదా," అంది వెనక నించి ఒకామె.

"నువ్వు చేసింది రైటే అన్నా. బాధలో ఏదో అంటున్నావు. కూచో," అన్నాడు ఇంకొకడు.

"రైటు కాదు!" పల్లంరాజు అరిచాడు. "కడుగుతుంటే చూశాను నేను. నీళ్ళు పోస్తే ఉడకలేదు. నా కళ్ళతో చూశాను. మీ పిల్లల కళ్ళల్లో పడినా నీళ్ళే పొయ్యండి!"

పక్కవాళ్ళు భుజాలు పట్టి కూర్చోబెట్టారు. ఎవరో సోడా కొట్టి చేతికిచ్చారు. ఇంటికొచ్చాక రొయ్యలు ఒలిచే షెడ్డు నించి అప్పుడే వచ్చిన భార్య బేబి కూడా, అతని వీపు నిమురుతూ ఆ మాటే అంది. "నువ్వు మంచికే చేశావు." వారం తిరక్కుండా చెరువుకి నీళ్ళు పెట్టారు. గోలు స్తంభాలు పీకి, నీళ్ళకి గాలి పట్టించే ఎయిరేటర్ల కింద దన్నుగా పెట్టారు.

ఉషారాణి బదిలీ కాగితం వచ్చిన రోజు పల్లంరాజు ఆమె గదికి వెళ్ళాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మీరైనా తిట్టండి మేడంగారూ. ఒక్కళ్ళూ తిట్టట్లేదు నన్ను."

ఆమె పుస్తకాలు సంచిలో సర్దుతోంది. తలెత్తలేదు.

"బాటిల్ కింద పడ్డాక కూడా అందులో సగం నీళ్ళున్నాయండి. నేను వంగి తీసుకోలేదు," అంది.

పోటీలు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఇండియా ఆట. ఫోనులో చూపిస్తున్నారు గానీ మాటలు లేవు, ఈలలూ అరుపులూ మాత్రమే. సాయిదుర్గ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మడత మంచం మీద గోడకి చేరగిలబడి కూర్చుంది. పల్లంరాజు పక్కన నేల మీద కూర్చుని ఫోను పట్టుకున్నాడు.

"అమ్మలూ," అన్నాడు. "నన్నొక మాటనవే."

"మ్యాచ్ మొదలైంది నాన్నా. చూసి చెప్పు."

"నాకేం తెలుసమ్మా ఈ ఆట. బంతే కనపడట్లేదు, చీమ తలకాయంత ఉంది."

"బంతి వద్దు. కీపర్ని చూడు. కీపరు ఎటు కదిల్తే బంతి అటే."

అతను కీపర్నే చూశాడు. దేవిశ్రీ. అవే ప్యాడ్లు, అదే హెల్మెట్టు. జాలీ వెనక ముఖం తెలియట్లేదు. ఎటు జరిగితే అటు చెప్పుకుంటూ వచ్చాడు. ఎడమకి వచ్చింది. ముందుకొచ్చింది. మళ్ళీ వెనక్కెళ్ళింది. చెబుతున్న కొద్దీ సాయిదుర్గ భుజాలు మంచం మీదే అటూ ఇటూ కదిలాయి. ఈల మోగింది. అవతలి పిల్లలు డీ బయట వరసగా నిలబడ్డారు, ఇవతల నలుగురు ముఖాలకి తొడుగులు పెట్టుకుని గోలులో చేరారు.

"పెనాల్టీ కార్నరు," అంది సాయిదుర్గ. ఊపిరి బిగబట్టింది.

కొట్టారు. ఫోనులోంచి చెక్క పగిలినట్టు చప్పుడు వచ్చింది. ఒక్కసారిగా అరుపులు.

"ఏమైంది నాన్నా?"

పల్లంరాజు కూతురి ముఖం చూశాడు. "ఆపేసిందమ్మా. ఆపేసింది ఆ పిల్ల."

సాయిదుర్గ తల అడ్డంగా ఊపింది.

"బంతి గోలు లోపలి పలక్కి తగిలింది నాన్నా. నాకు వినబడింది. నాకు మంచిదని చూసుకుని చెప్పకు. ఉన్నదున్నట్టు చెప్పు. ఇంక నీ కళ్ళతోనే గదా నేను చూడాలి."

అతను ఫోను దగ్గరగా తెచ్చుకున్నాడు. తెర మసకబారింది. భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"గోలైపోయిందమ్మా."

"ఎటు నించి?"

"ఎడం పక్క. కింద మూలకి."

"దేవిశ్రీ ఎటు పడింది?"

"కుడికి. లేచింది ఇప్పుడే. అవతలి వాళ్ళు వాటేసుకుంటున్నారు. మన పిల్లలు తలకాయలొంచుకున్నారు."

"ఊఁ," అంది సాయిదుర్గ. "చెప్పు."